ఏనుగు దంతంపై రాజకుటుంబ సూక్ష్మచిత్రాలు

ఈ వ్యాసం ఏనుగు దంతపు రేకులపై వేసిన రూపచిత్రాల గురించి. కాగితంపై వేసిన మొఘల్, రాజపుత్ర, దక్కనీ చిత్రాల కొరకు సూక్ష్మచిత్రకళ చూడండి.

ఏనుగు దంతంపై రాజకుటుంబ సూక్ష్మచిత్రాలు అనగా పల్చగా కోసిన ఏనుగు దంతపు రేకుపై నీటిరంగులతో చిత్రించిన రాజులు, రాణులు, రాకుమారులు, రాకుమార్తెల చిన్న రూపచిత్రాలు. ఇవి సాధారణంగా అరచేతిలో ఇమిడే పరిమాణంలో, అండాకారంలో గాని దీర్ఘచతురస్రాకారంలో గాని ఉంటాయి. 18వ శతాబ్ది ఆరంభంలో వెనిస్ నగరంలో మొదలైన ఈ పద్ధతి ఇంగ్లాండు, ఫ్రాన్సు రాజాస్థానాలలో వ్యాపించి, 1780ల నాటికి మద్రాసు, కలకత్తా, లక్నో నగరాలకు చేరింది. 19వ శతాబ్దిలో ఢిల్లీ చిత్రకారులు దీనిని స్వంతం చేసుకున్నారు. ఛాయాచిత్రాలు వచ్చిన తరువాత ఈ కళ క్రమంగా క్షీణించింది. ఏనుగు దంతపు వ్యాపారంపై నిషేధాలు రావడంతో 20వ శతాబ్ది చివరికి దంతంపై కొత్త చిత్రాలు వేయడం దాదాపు ఆగిపోయింది.

ఈ చిత్రాలు చారిత్రక ఆధారాలుగా విలువైనవే అయినా అన్నింటినీ ఒకే విధంగా నమ్మడానికి వీలు లేదు. ఎదురుగా కూర్చున్న వ్యక్తిని చూసి వేసినవి కొన్ని, పాత చిత్రాన్ని చూసి నకలు వేసినవి కొన్ని, కేవలం ఊహించి వేసినవి మరికొన్ని. ముంతాజ్ మహల్, నూర్జహాన్‌ల ముఖాలుగా నేడు ప్రచారంలో ఉన్న చిత్రాలలో అనేకం ఈ మూడవ రకానికి చెందినవే.

పేరు

ఇంగ్లీషులో ఈ చిత్రాలను మినియేచర్ అంటారు. చిన్నది అనే అర్థంలో ఈ పేరు వచ్చిందని చాలామంది భావిస్తారు గాని అది సరికాదు. లాటిన్ భాషలో మినియం అనగా సిందూరం. మధ్యయుగాలలో ఐరోపా లేఖకులు చేతివ్రాత గ్రంథాలలో మొదటి అక్షరాలను, అలంకారాలను సిందూరంతో తీర్చిదిద్దేవారు. ఆ పనికి వచ్చిన పేరే క్రమంగా గ్రంథాలలోని చిన్న బొమ్మలకు, ఆ తరువాత విడిగా వేసిన చిన్న రూపచిత్రాలకు స్థిరపడింది. చిన్నది అనే అర్థం ఆ మాటకు తరువాత వచ్చి చేరింది.

దంతానికి పూర్వం

విడిగా చేతిలో పట్టుకొని చూసే చిన్న రూపచిత్రాలు 1520లలో ఇంగ్లాండు, ఫ్రాన్సు రాజాస్థానాలలో మొదలయ్యాయి. ఇంగ్లాండు రాజు 8వ హెన్రీ ఆస్థానంలో లూకాస్ హోరెన్‌బౌట్, ఫ్రాన్సులో జాన్ క్లూయే ఈ చిత్రాలను వేశారు. అప్పట్లో దూడచర్మంతో చేసిన పల్చని తోలుపత్రాన్ని పేకముక్కపై అంటించి దానిమీద చిత్రించేవారు.

ఈ చిత్రాలకు రాజకీయ ప్రయోజనం కూడా ఉండేది. 1539లో 8వ హెన్రీ కొరకు వధువును వెదుకుతున్న సమయంలో హాన్స్ హోల్బీన్ జర్మనీ వెళ్లి క్లీవ్స్ రాకుమార్తె ఆన్ రూపాన్ని చిత్రించి తెచ్చాడు. మరుసటి సంవత్సరం జనవరిలో వివాహం జరిగింది, జూలైలో రద్దయింది. హోల్బీన్ వేసిన ఆమె సూక్ష్మచిత్రం లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నది. చిత్రం తోలుపత్రంపై ఉన్నా, దానిని భద్రపరచిన గులాబి ఆకారపు భరిణె మాత్రం ఏనుగు దంతంతో చేసినది. ఆ విధంగా రాజకుటుంబ సూక్ష్మచిత్రానికి దంతం మొదట పెట్టెగా తోడై, శతాబ్దిన్నర తరువాత చిత్రఫలకంగా మారింది.

మొదటి ఎలిజబెత్ రాణి కాలంలో నికొలస్ హిల్లియార్డ్, ఐజాక్ ఆలివర్, 17వ శతాబ్దిలో శామ్యూల్ కూపర్ ఈ రంగంలో ప్రసిద్ధులు. వీరందరూ తోలుపత్రంపైనే పనిచేశారు.

ఐరోపాలో దంతఫలకం

దంతపు రేకుపై రూపచిత్రాలు వేయడాన్ని ప్రచారంలోకి తెచ్చిన ఘనత వెనిస్ నగరానికి చెందిన చిత్రకారిణి రొసాల్బా కరియేరాకు (1673 - 1757) దక్కుతుంది. ఆమె తొలుత ముక్కుపొడి డబ్బీల మూతలకు బొమ్మలు వేసేది. దంతం తెలుపును, దాని సహజమైన నిగ్గును ముఖవర్ణానికి పునాదిగా వాడుకోవచ్చునని ఆమె గ్రహించింది. 1705లో రోమ్ నగరంలోని సెయింట్ లూకా చిత్రకళా పరిషత్తు ఆమెను సభ్యురాలిగా స్వీకరించింది. అందుకు ఆమె సమర్పించినది దంతంపై వేసిన సూక్ష్మచిత్రమే. స్త్రీలకు చిత్రకళా పరిషత్తులలో ప్రవేశం అరుదుగా ఉన్న కాలమది.

ఇంగ్లాండులో ఈ పద్ధతిని మొదట అనుసరించినవాడు మూడవ బెర్నార్డ్ లెన్స్ (1682 - 1740). ఇతడు 1707 ప్రాంతంలో దంతంపై చిత్రించడం ప్రారంభించాడు. మొదటి జార్జి, 2వ జార్జి రాజుల ఆస్థానంలో సూక్ష్మచిత్రకారుడిగా పనిచేసి, రాజకుటుంబపు పిల్లలకు చిత్రలేఖనం నేర్పాడు. మొదటి తరం వారు తోలుపత్రంపై పూసినట్లే దంతంపైనా చిక్కని రంగులు పూశారు. దంతం ప్రత్యేకత ఏమిటో పూర్తిగా తెలియడానికి మరొక రెండు తరాలు పట్టింది.

3వ జార్జి కాలంలో (1760 - 1820) ఈ కళ ఉచ్ఛస్థితికి చేరింది. 1768లో స్థాపించిన రాయల్ అకాడమీ వ్యవస్థాపక సభ్యులలో ఒకడైన జెరెమయా మేయర్ రాణి షార్లెట్‌కు సూక్ష్మచిత్రకారుడు. రిచర్డ్ కాస్వే (1742 - 1821) 1785లో వేల్స్ యువరాజుకు ప్రధాన చిత్రకారుడయ్యాడు. కాస్వే రంగులను చాలా పల్చగా పూసి, ముఖంలోని వెలుగుభాగాలకు దంతాన్నే వదిలివేసేవాడు. వెనుక లేతనీలపు ఆకాశం, మబ్బులు వేయడం ఇతని పద్ధతి.

ఫ్రాన్సులో జాన్ బాప్టిస్ట్ ఇసాబే (1767 - 1855) నెపోలియన్ చక్రవర్తిని, ఆయన కుటుంబ సభ్యులను చిత్రించాడు. నెపోలియన్ తన రూపచిత్రం పొదిగిన డబ్బీలను రాయబారులకు, అధికారులకు కానుకలుగా ఇచ్చేవాడు.

తయారీ విధానం

దంతాన్ని నిలువునా ఒక మిల్లీమీటరు కంటె తక్కువ మందం గల రేకులుగా కోస్తారు. దంతం వ్యాసాన్ని బట్టే రేకు వెడల్పు ఉంటుంది కాబట్టి చాలాకాలం ఈ చిత్రాలు చిన్నవిగానే ఉన్నాయి. 19వ శతాబ్ది మధ్యలో దంతాన్ని తిప్పుతూ పొరగా ఒలిచే యంత్రాలు వచ్చాక పెద్ద రేకులు లభించాయి.

తరువాతి పని క్రమం స్థూలంగా ఈ విధంగా ఉంటుంది.

- రేకును ఎండలో ఉంచి తెల్లబరుస్తారు. దంతంలో సహజంగా ఉండే జిడ్డును తొలగిస్తారు.
- నున్నని దంతంపై నీటిరంగు నిలవదు, జారిపోతుంది. అందుచేత ప్యూమిస్ రాతిపొడితో రుద్ది ఉపరితలాన్ని కొద్దిగా గరుకుగా చేస్తారు.
- రంగులను తుమ్మజాతి చెట్ల బంకతో కలుపుతారు. బంక తక్కువైతే రంగు రాలిపోతుంది, ఎక్కువైతే పగుళ్లు వస్తాయి.
- ముఖాన్ని సన్నని చుక్కలతోను, ఒకదాని ప్రక్కన ఒకటిగా వేసిన సన్నని గీతలతోను రూపొందిస్తారు. దుస్తులకు, వెనుక భాగానికి వెడల్పుగా రంగు పూస్తారు.
- వెండ్రుకలలోను, జరీలోను మెరుపు చూపడానికి కొన్నిచోట్ల రంగును సూదితో గీకి అడుగునున్న దంతాన్ని బయటపెడతారు.
- పూర్తయిన రేకును పల్చని అట్టపై నిలిపి, పైన గాజుపలక ఉంచి, అంచులను మూసి బంగారు లేదా వెండి చట్రంలో బిగిస్తారు.

దంతం కొంతవరకు వెలుగును తనలోనికి చొరనిస్తుంది. పై నుండి పడిన వెలుతురు పల్చని రంగులను దాటి దంతంలోనికి పోయి తిరిగి బయటకు వస్తుంది. ముఖం లోపలినుండి వెలుగుతున్నట్లు కనిపించడానికి కారణం ఇదే. ఈ ప్రభావాన్ని పెంచడానికి కొందరు చిత్రకారులు ముఖభాగం వెనుక వెండిరేకు ముక్కను ఉంచేవారు. చాలా చిత్రాల చట్రానికి వెనుకవైపు మరొక చిన్న గాజుగూడు ఉంటుంది. అందులో ఆ వ్యక్తి వెండ్రుకలను జడగా అల్లి అమర్చేవారు.

ఈ చిత్రంలో పొరపాటును సరిదిద్దడం తైలవర్ణ చిత్రంలో కంటె కష్టం. పల్చని రంగుపై మళ్లీ మళ్లీ పూస్తే దంతం నిగ్గు మరుగున పడుతుంది. అందువలన చిత్రకారుని చేతికి, కంటికి విపరీతమైన శ్రమ ఉండేది.

రాజకుటుంబాలలో ఉపయోగాలు

గోడకు వ్రేలాడే నిలువెత్తు చిత్రం సభకు వచ్చిన వారందరి కొరకు వేసినది. చిన్న దంతపు చిత్రం ఒక వ్యక్తి మరొక వ్యక్తికి ఇచ్చేది. రాజకుటుంబాలలో వీటి ఉపయోగం ముఖ్యంగా నాలుగు విధాలు.

దౌత్య కానుక: వజ్రాలు పొదిగిన చట్రంలో రాజు ముఖచిత్రాన్ని ఉంచి రాయబారులకు, మిత్రరాజులకు బహూకరించేవారు. పుచ్చుకున్నవారు వజ్రాలను అమ్ముకున్నా చిత్రాన్ని ఉంచుకోవడం మర్యాదగా ఉండేది.

వివాహం, ప్రేమ: విక్టోరియా రాణి 1839 నవంబరు 23న తన వివాహ నిశ్చయాన్ని ప్రీవీ కౌన్సిల్ ముందు ప్రకటించినప్పుడు ఆల్బర్ట్ రాకుమారుని సూక్ష్మచిత్రం ఉన్న కంకణం ధరించింది. ఎనభై మందికి పైగా పెద్దల ముందు ఇరవై ఏళ్ల రాణి ఒంటరిగా నిలబడి చదవవలసి వచ్చిన ఆ సందర్భంలో ఆ చిత్రం తనకు ధైర్యం ఇచ్చినట్లు ఆమె తన దినచర్యలో వ్రాసుకుంది. 1837 నుండి ఆమె సూక్ష్మచిత్రకారుడైన విలియం రాస్ (1794 - 1860) ఆల్బర్ట్‌ను పలుమార్లు చిత్రించాడు. రాబర్ట్ థార్‌బర్న్ 1844లో ఆల్బర్ట్‌ను కవచధారిగా దంతంపై చిత్రించాడు.

రహస్య బంధం: వేల్స్ యువరాజు జార్జి 1785 డిసెంబరులో మరియా ఫిట్జ్‌హెర్బర్ట్ అనే క్యాథలిక్ వితంతువును రహస్యంగా వివాహమాడాడు. రాజు అనుమతి లేనందున 1772 నాటి రాజవివాహ చట్టం ప్రకారం ఆ వివాహం చెల్లలేదు. గుర్తుపట్టకుండా ఉండేందుకు ముఖమంతా వేయక ఒక కన్ను మాత్రమే దంతంపై చిత్రించి ఆభరణంలో పొదిగే అలవాటు ఈ జంట వలననే ఇంగ్లాండులో వ్యాపించిందని ప్రసిద్ధి. ఆ యువరాజు తరువాత 4వ జార్జి పేరుతో రాజై 1830లో మరణించాడు. ఆయన కోరిక మేరకు ఫిట్జ్‌హెర్బర్ట్ సూక్ష్మచిత్రాన్ని మెడలో ఉంచి ఖననం చేశారు.

రాజచిహ్నం: బ్రిటిష్ రాజకుటుంబంలోని స్త్రీలకు రాజు లేదా రాణి తన ముఖచిత్రం గల పతకాన్ని ఇచ్చే ఆచారాన్ని 4వ జార్జి ప్రారంభించాడు. దీనిని రాయల్ ఫ్యామిలీ ఆర్డర్ అంటారు. పట్టురిబ్బను ముడికి వ్రేలాడే ఈ పతకంలోని చిత్రాన్ని తరతరాలుగా ఏనుగు దంతంపైనే వేసేవారు. 2వ ఎలిజబెత్ రాణి పతకాలు కూడా దంతంపై వేసినవే గాని ఆమె పాలన చివరి సంవత్సరాలలో గాజుపై వేశారు. 3వ చార్లెస్ రాజు ముఖచిత్రం గల పతకాలు 2024లో మొదటిసారి బహిరంగంగా కనిపించాయి. వాటిలోని చిత్రాన్ని పాలిమిన్ అనే కృత్రిమ పదార్థంపై వేశారు.

భారతదేశంలో

మద్రాసు, ఆర్కాటు నవాబు

18వ శతాబ్ది చివరి పాతికేళ్లలో పలువురు ఇంగ్లీషు చిత్రకారులు ధనార్జన కొరకు భారతదేశానికి వచ్చారు. పెద్ద తైలవర్ణ చిత్రాలు ఓడ ప్రయాణంలో పాడయ్యేవి. దంతపు చిత్రాలు జేబులో ఇమిడేవి. స్వదేశంలోని బంధువులకు పంపడానికి అనువుగా ఉండడంతో కంపెనీ ఉద్యోగులలో వీటికి గిరాకీ ఉండేది.

వీరిలో ప్రముఖుడు జాన్ స్మార్ట్ (1741 - 1811). ఇతడు 1785లో మద్రాసు చేరి 1795 వరకు ఉన్నాడు. ఆర్కాటు నవాబు ముహమ్మద్ అలీ వాలాజా (1717 - 1795) స్మార్ట్‌కు ముఖ్య పోషకుడు. నవాబును, ఆయన కుటుంబ సభ్యులను స్మార్ట్ పలుమార్లు చిత్రించాడు. భారతదేశంలో వేసిన చిత్రాలపై స్మార్ట్ తన పేరులోని పొడి అక్షరాలు, సంవత్సరంతో పాటు ఇండియాను సూచించే ఐ అనే ఇంగ్లీషు అక్షరాన్ని కూడా వ్రాసేవాడు. అందుచేత ఇతని మద్రాసు చిత్రాలను గుర్తించడం సులభం.

వాలాజా నవాబు ఏలుబడిలో నేటి ఆంధ్రప్రదేశ్‌లోని నెల్లూరు, చిత్తూరు ప్రాంతాలు కూడా ఉండేవి. యుద్ధాల కొరకు, ఆడంబరాల కొరకు నవాబు కంపెనీ ఉద్యోగుల వద్ద, మద్రాసు వ్యాపారుల వద్ద పెద్ద మొత్తాలలో అప్పులు చేశాడు. ఆ అప్పుల వ్యవహారం ఇంగ్లాండు పార్లమెంటులో చర్చకు వచ్చింది. అప్పులు తీర్చడానికి జిల్లాల భూమిశిస్తును తాకట్టు పెట్టవలసి వచ్చింది. తన రూపచిత్రాలను ఇంగ్లాండు రాజుకు, కంపెనీ పెద్దలకు పంపి తాను స్వతంత్ర ప్రభువునని చూపుకోవడం నవాబు రాజనీతిలో భాగం. స్మార్ట్ చిత్రాలలో కనిపించే ముత్యాలహారాలు, తెల్లని గడ్డం, నిబ్బరమైన చూపు వెనుక ఈ ఋణభారం ఉన్నది. నవాబు మరణించిన ఆరేళ్లకు, 1801లో, కర్ణాటక రాజ్యపాలనను కంపెనీ స్వాధీనం చేసుకుంది. దానితో నెల్లూరు, చిత్తూరు ప్రాంతాలు మద్రాసు ప్రెసిడెన్సీలో కలిశాయి.

లక్నో

ఓజియస్ హంఫ్రీ (1742 - 1810) 1785లో భారతదేశానికి బయలుదేరి, 1786లో లక్నో వెళ్లి అవధ్ నవాబు ఆసఫుద్దౌలాను, ఆయన ఆస్థానంలోని వారిని చిత్రించాడు. చేసిన పనికి రావలసిన సొమ్ములో చాలాభాగం అతనికి అందలేదు. ఆ బాకీ కొరకు చాలాకాలం ప్రయత్నించినా ఫలితం లేకపోయింది. 1787లో ఆరోగ్యం చెడి స్వదేశానికి తిరిగి వెళ్లాడు. చూపు మందగించడంతో సూక్ష్మచిత్రాలు మాని సుద్దరంగులతో పెద్ద చిత్రాలు వేశాడు. 1797 నాటికి చూపు పూర్తిగా పోయింది.

ఢిల్లీ

తరతరాలుగా కాగితంపై సూక్ష్మచిత్రాలు వేస్తున్న ఢిల్లీ చిత్రకారులకు ఉడుత వెండ్రుకల కుంచె, సన్నని గీత క్రొత్త కాదు. 19వ శతాబ్ది తొలి దశకాలలో వారు దంతపు రేకును, దానితో పాటు ఐరోపా పద్ధతిలో వెలుగునీడలు చూపడాన్ని స్వీకరించారు. రెండవ అక్బర్ (1806 - 1837), బహదూర్ షా జఫర్ (1837 - 1857) చక్రవర్తుల రూపచిత్రాలు, వారి కుమారుల చిత్రాలు దంతంపై వేసినవి అనేకం లభిస్తున్నాయి. గులాం అలీఖాన్, రాజా జీవన్ రామ్ ఆ కాలపు ఢిల్లీ రూపచిత్రకారులలో ప్రసిద్ధులు.

వెలుగునీడల పద్ధతి మొదట్లో అందరికీ నచ్చలేదు. జీవన్ రామ్ రెండవ అక్బర్ చిత్రాన్ని వేస్తున్నప్పుడు జరిగిన ఒక సంఘటనను కంపెనీ అధికారి విలియం స్లీమన్ తన యాత్రాగ్రంథంలో పేర్కొన్నాడు. సగం పూర్తయిన చిత్రాన్ని అంతఃపుర స్త్రీలకు చూపగా, ముక్కు క్రింద వేసిన నీడను చూసి, పాదుషా జన్మంతా ముక్కుపొడి పీల్చినట్లున్నదని వారు ఆక్షేపించారట. నీడ లేకుండా మనిషిని చిత్రించడం సాధ్యం కాదని చిత్రకారుడు చెప్పగా, నీడ ఉండవచ్చు గాని అది సరిగా ముక్కు క్రిందనే ఉండనక్కరలేదని పాదుషా సమాధానం చెప్పాడట.

1857 తిరుగుబాటు తరువాత మొఘల్ ఆస్థానం అంతరించింది. చిత్రకారులకు రాజపోషణ పోయి ఐరోపా యాత్రికులే కొనుగోలుదారులయ్యారు. మొఘల్ చక్రవర్తుల, బేగంల అండాకార చిత్రాలను జతలుగా, వరుసలుగా వేసి, కంఠహారాలలోను, కంకణాలలోను, బ్రూచిలలోను పొదిగి అమ్మేవారు. తాజ్ మహల్, జామా మసీదు వంటి కట్టడాల చిత్రాలు కూడా ఈ విధంగా వెలువడ్డాయి. 1849లో పంజాబు రాజ్యం కంపెనీ వశమైన తరువాత మహారాజా రంజిత్ సింగ్, షేర్ సింగ్, దలీప్ సింగ్, రాణీ జిందన్‌ల దంతపు చిత్రాలకు కూడా గిరాకీ పెరిగింది. పాట్నా, బెనారస్, ముర్షిదాబాద్ నగరాల చిత్రకారులు కూడా దంతంపై పనిచేశారు.

ఊహాచిత్రాల సమస్య

యాత్రికుల కొరకు వేసిన వరుసలలో అన్నింటికంటె ఎక్కువగా అమ్ముడైనవి షాజహాన్, ముంతాజ్ మహల్‌ల జంట చిత్రాలు. ముంతాజ్ మహల్ 1631లో, నూర్జహాన్ 1645లో మరణించారు. దంతపు చిత్రాలు వెలువడినది ఆ తరువాత రెండు వందల సంవత్సరాలకు. మొఘల్ అంతఃపుర స్త్రీలు ఘోషాలో ఉండేవారు. పరపురుషుడైన చిత్రకారుని ఎదుట రాణులు కూర్చోవడం ఆచారం కాదు. ముంతాజ్ మహల్ బ్రతికి ఉండగా ఆమెను చూసి వేసినదని నిశ్చయంగా చెప్పగల చిత్రం ఏదీ లేదు.

అందువలన ఢిల్లీ చిత్రకారులు ఒక ఆదర్శ సుందరి రూపాన్ని తీసుకొని, కిరీటం, కలికితురాయి, చేతిలో పువ్వు చేర్చి, క్రింద పేరు వ్రాశారు. ఒకే ముఖం ఒక పలకపై ముంతాజ్‌గా, మరొక పలకపై నూర్జహాన్‌గా కనిపించడం ఈ కారణం వలననే. తరువాతి కాలంలో ఈ చిత్రాలు క్యాలెండర్లలోకి, పుస్తకాలలోకి ప్రవేశించి నిజమైన ముఖాలుగా స్థిరపడ్డాయి.

దీనికి భిన్నంగా, నూర్జహాన్ తుపాకీ పట్టుకొని నిలబడినట్లు జహంగీర్ ఆస్థాన చిత్రకారుడు అబుల్ హసన్ వేసినదిగా భావించే కాగితపు చిత్రం రాంపూర్ రజా గ్రంథాలయంలో ఉన్నది. అది ఆమె జీవితకాలానికి చెందినది. ఆభరణాలతో అలంకరించిన దంతపు బొమ్మలోని సుకుమారికి, తుపాకీ దట్టించుకుంటున్న ఈ స్త్రీకి పోలిక లేదు.

రాజకుటుంబ చిత్రాన్ని చారిత్రక ఆధారంగా తీసుకొనే ముందు ఈ విషయాలు పరిశీలించాలి.

- చిత్రం వేసిన కాలమూ, చిత్రంలోని వ్యక్తి జీవించిన కాలమూ ఒకటేనా?
- చిత్రకారుని సంతకం, సంవత్సరం ఉన్నాయా?
- చిత్రకారుడు ఆ వ్యక్తిని చూసే అవకాశం ఉన్నదా?
- క్రింద ఉన్న పేరు చిత్రంతో పాటు వ్రాసినదా, తరువాత చేర్చినదా?

ఈ పరీక్షకు స్మార్ట్ వేసిన వాలాజా చిత్రాలు నిలుస్తాయి. ముంతాజ్ మహల్ దంతపు చిత్రాలు నిలువవు. అంతమాత్రాన అవి విలువ లేనివి కావు. అవి 17వ శతాబ్ది రాణి ముఖాన్ని చెప్పవు గాని, 19వ శతాబ్దిలో పోషకులను కోల్పోయిన చిత్రకారులు ఏమి వేసి బ్రతికారో, కొనేవారు మొఘల్ అంతఃపురాన్ని ఎట్లా ఊహించుకున్నారో చెబుతాయి.

ఛాయాచిత్రాల రాక

1839లో ఫ్రాన్సులో డాగెరోటైపు పద్ధతిని ప్రకటించారు. అదే సంవత్సరం విక్టోరియా ఆల్బర్ట్ సూక్ష్మచిత్రం ఉన్న కంకణం ధరించింది. మరో ఇరవై సంవత్సరాలలో ఛాయాచిత్రం చౌకగా, వేగంగా లభించడంతో సామాన్యులు సూక్ష్మచిత్రాలను వదిలివేశారు. పలువురు చిత్రకారులు ఛాయాచిత్రాలకు రంగులు వేసే పనిలోకి మారారు. రాజకుటుంబాలలో మాత్రం ఈ ఆచారం మరికొంతకాలం నిలిచింది.

భారతదేశంలో రెండు కళలూ కొంతకాలం కలిసి సాగాయి. ఢిల్లీ చిత్రకారులు ఛాయాచిత్రాన్ని ఎదుట పెట్టుకొని దంతంపై నకలు వేసేవారు. హైదరాబాదులో ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడిగా రాజా దీన్ దయాళ్ ప్రసిద్ధి పొందాడు. ఒకప్పుడు సూక్ష్మచిత్రకారుడు చేసిన పని, అనగా ప్రభువు రూపాన్ని అతిథులకు, బంధువులకు పంపగల రూపంలో అందించడం, ఇక కెమెరా వంతైంది.

సంరక్షణ

దంతం జీవపదార్థం కాబట్టి గాలిలోని తేమను పీల్చుకొని ఉబ్బుతుంది, పొడి వాతావరణంలో కుంచించుకుపోతుంది. రేకు వెనుక అట్ట గట్టిగా అంటించి ఉంటే వంగిపోవడం, నిలువునా చీలడం జరుగుతుంది. వర్షాకాలంలో గాజు లోపలివైపు బూజు పట్టవచ్చు. బంక నీటిలో కరుగుతుంది గనుక తడిగుడ్డతో తుడిస్తే చిత్రం చెరిగిపోతుంది.

వెలుతురు మరొక శత్రువు. ముఖాలకు వాడిన లక్క వంటి ఎర్రరంగులు వెలుతురుకు వెలిసిపోతాయి. పాత చిత్రాలలో కొందరు రాజవంశీయులు పాలిపోయినట్లు కనిపించడానికి వారి అనారోగ్యం కాక రంగు వెలియడమే కారణం. అందుచేత మ్యూజియంలలో వీటిని మసక వెలుతురులో, కొద్దికాలం మాత్రమే ప్రదర్శిస్తారు.

దంతపు వ్యాపారం, చట్టాలు

ఏనుగును చంపి దంతాలు తీయడం వలన ఆఫ్రికా, ఆసియా ఖండాలలో ఏనుగుల సంఖ్య బాగా తగ్గింది. దంతంలో ఎక్కువభాగం పియానో మెట్లకు, కత్తుల పిడులకు, బిలియర్డ్స్ బంతులకు, బొమ్మలకు పోయింది. సూక్ష్మచిత్రాలకు పట్టిన దంతం వాటితో పోలిస్తే అత్యల్పం. అయినా నిషేధం అన్నింటికీ వర్తించవలసి వచ్చింది.

- 1972: భారతదేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1977లో ఏనుగును మొదటి షెడ్యూలులో చేర్చారు.
- 1986: చట్టాన్ని సవరించి భారతీయ ఏనుగు దంతపు వ్యాపారాన్ని నిషేధించారు.
- 1989: అంతరించే ప్రమాదమున్న జీవజాతుల వ్యాపార ఒప్పందం (సైటీస్) క్రింద ఆఫ్రికా ఏనుగును మొదటి అనుబంధంలో చేర్చడానికి నిర్ణయించారు. 1990 నుండి అంతర్జాతీయ దంతపు వ్యాపారంపై నిషేధం అమలైంది.
- 1991: భారతదేశంలో దిగుమతి చేసుకున్న ఆఫ్రికా దంతపు వ్యాపారాన్ని కూడా నిషేధించారు.
- 2018: బ్రిటన్ దంతపు చట్టాన్ని చేసింది. అది 2022 జూన్ 6 నుండి అమలులోకి వచ్చింది.

బ్రిటిష్ చట్టం దంతపు వస్తువుల క్రయవిక్రయాలను దాదాపు పూర్తిగా నిషేధించింది. మినహాయింపు పొందిన కొద్ది వర్గాలలో సూక్ష్మ రూపచిత్రాలు ఒకటి. 1918కి పూర్వం వేసినవై, 320 చదరపు సెంటీమీటర్లకు మించని చిత్రాలను నమోదు చేయించి అమ్ముకోవచ్చు. వీటి విలువ చిత్రకారుని పనిలో ఉన్నదే గాని దంతంలో కాదు అనేది ఈ మినహాయింపుకు ఆధారం. భారతదేశంలో అటువంటి మినహాయింపు లేదు. పాతదైనా సరే, దంతపు వస్తువుతో వ్యాపారం చేయడం నేరం.

సేకరణలు

బ్రిటిష్ రాజకుటుంబపు రాయల్ కలెక్షన్, లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం ఈ చిత్రాలకు ప్రధాన నిలయాలు. భారతీయ రాజకుటుంబాల దంతపు చిత్రాలు కూడా విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి. స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్‌లోని నేషనల్ మ్యూజియంలో ఐదువేలకు పైగా సూక్ష్మచిత్రాలు ఉన్నాయి. వీటిలో దంతంపై వేసినవే కాక తోలుపత్రంపై, ఎనామెల్‌తో వేసినవీ కలవు. హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియంలో దంతపు కళాఖండాలకు ప్రత్యేక విభాగం ఉన్నది. దంతాన్ని కోయడం, చెక్కడం, అలంకరించడం ఎంత సూక్ష్మమైన పనులో విద్యార్థులు అక్కడ ప్రత్యక్షంగా చూడవచ్చు.

ఇవి కూడా చూడండి

- సూక్ష్మచిత్రకళ
- కంపెనీ చిత్రకళ
- ముహమ్మద్ అలీ వాలాజా
- రొసాల్బా కరియేరా
- రాజా దీన్ దయాళ్
- సాలార్‌జంగ్ మ్యూజియం
- వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972